తుడుపు పని

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక
ఏడేళ్ళు నా చేతికి పలక తగల్లా.
ఇప్పుడు తగుల్తున్నాయి,
ఒకటీ రెండూ కాదు, పదకొండు వేల మూడొందలు.
చట్రం కొయ్యది కాదు, వెండిరంగు రేకు.
నలుపు మాత్రం ఆ నలుపే,
కాస్త నీలం కలిసింది.

అప్పట్లో
గని నుంచొచ్చిన బండని
ఉలి పెట్టి పొరలు పొరలుగా విప్పేవాడు మస్తాను.
పుస్తకం తెరిచినట్టే ఉండేది, అక్షరం లేని పుస్తకం.
నేను అంచులు రుద్ది చట్రాలు బిగించేదాన్ని,
వందకి ఇంత అని లెక్క.
యాడాడి బళ్ళకో పోయాయి నా పలకలు.
ఒక్కదాని మీదా నేను 'అ' దిద్దలా.
మస్తాను ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము పేరుకుంది,
తుడుద్దామంటే
అంత లోపలికి చెయ్యి పోదు.

ఇప్పుడు తర్లుపాడు దారిలో
ఒకప్పటి కంది చేలల్లో
పలకలన్నీ దక్షిణానికి వాలి కూచున్నాయి.
తెల్లారుగట్ల నాలుక్కి పోతాం
నేనూ, గాలెమ్మా, తిరుపాలు కోడలూ.
పొడుగు కర్ర, మెత్తటి బ్రష్షు, సన్నటి ధార.
ఎండెక్కాక నీళ్ళు పడితే అద్దం పగుల్తుందట,
చల్లగా ఉన్నప్పుడే కానియ్యాలి.
నిన్న సూర్యుడు ఏం రాసిపోయాడో ఏమో
దుమ్ముతో పాటు చెరిపేస్తాం.
పొద్దెక్కుతూనే మళ్ళీ మొదట్నుంచీ మొదలెడతాడు.
ఎన్ని రాసినా ఆయన బలపం అరగదు,
అదొక్కటి నాకు భలే నచ్చింది.

నీళ్ళ సంగతి చెప్పాలి.
మా బోరు నీళ్ళు పోస్తే
అద్దం మీద తెల్లమచ్చలు కడతాయని
పలకలకి ఫిల్టరు నీళ్ళు తెప్పిస్తారు, ట్యాంకరులో.
మేం తాగేది ఆ బోరు నీళ్ళే.
గాలెమ్మ కొడుకు నవ్వితే
పళ్ళ మీద కనపడతాయి ఆ మచ్చలు.
ఒకనాడు సూపర్‌వైజరు చూడకుండా
ట్యాంకరు కొళాయి కింద చెంబు పట్టింది గాలెమ్మ.
చూశాడు.
ఏమీ అనలా. అటు తిరిగి బీడీ ముట్టించాడు.
అప్పట్నుంచీ
నీళ్ళ లెక్కలో రోజుకో బిందె తేడా వస్తోంది.

గేటు పక్క గదిలో గోడకొక పెట్టె.
దాంట్లో ఎర్రంకెలు పరిగెత్తుతుంటాయి.
బడి గడప తొక్కని నేను
అంకెలు నేర్చుకుంది దాని దగ్గరే.
మిట్టమధ్యాన్నం పెద్దంకె,
పొద్దు వాలే కొద్దీ చిన్నంకె,
ఆ తర్వాత సున్నా.
ఈ కరెంటంతా యాడికి పోద్దయ్యా అని అడిగా.
గ్రిడ్డుకి, అన్నాడు.
గ్రిడ్డంటే ఏ ఊరు?
నవ్వి ఊరుకున్నాడు.
పలకలూ ఇట్లాగే పోయేయి
ఏ బడికో చెప్పకుండా.
పన్నెండింటికి, పెద్దంకె వేళకి,
మస్తాను ముక్కుకి ఆవిరి మిషను పెట్టుకుంటాడు.
గురగురమంటుంది.
దాంట్లో పిసరంత నాదే అనుకుంటా.
అనుకోటానికి ఏ గ్రిడ్డునీ అడగక్కర్లా.

నిన్న వెలిగొండ వైపు నుంచి మబ్బు లేచింది.
పెట్టెలో అంకె కూలబడింది.
సూపర్‌వైజరు మొహం మాడింది.
కంచె అవతల తిరుపాలు మాత్రం
తలగుడ్డ తీసి గాల్లోకి ఎగరేశాడు,
మిగిలిన ఎకరంలో కంది వాడిపోతోంది అతనిది.
ఇద్దరి మధ్యా
కర్ర పట్టుకుని నేను.
ఎటు నిలబడాలో తేలకముందే
టప్పున ఒక చినుకు పలక మీద,
దాని పక్కన ఇంకోటి.

ఇయ్యాల తుడుపు పని వానదేనంట,
మమ్మల్ని రావద్దన్నారు.
కూలి పోయింది.
చూరు కింద బిందెలు పెట్టా,
బిందెలయ్యాక గిన్నెలు,
గిన్నెలయ్యాక మస్తాను మందుల డబ్బా ఖాళీ చేసి
అదీ పెట్టా.