గడ్డిమీది థర్మామీటరు

సిమిలిగుడలో పుష్యమాసం. తెల్లవారుజాము నాలుగున్నర.
టార్చి పట్టుకుని కంచె లోపలికి వెళ్తాను.
గడ్డి మొనలకు తాకీ తాకకుండా పడుకోబెట్టిన థర్మామీటరు
సున్నాకి ఒక గీత కింద ఉంది.
మనిషెత్తున, తెల్ల చెక్కపెట్టెలో ఉన్నది మాత్రం
నాలుగు డిగ్రీలంటోంది.
రెండూ అబద్ధమాడవు.
నేల ఉన్న వేడంతా ఆకాశానికి అప్పిచ్చేసి బిగుసుకుపోయింది.
పై గాలికింకా ఆ కబురే చేరలేదు.

మబ్బుంటే బాకీలో కొంతైనా తిరిగొచ్చేది.
ఇవాళ తునక లేదు.
దేవమాలి కొండమీద చుక్కలు
ఒలిచి ఆరబోసిన వెల్లుల్లి రెబ్బలు.

కంచె అవతల ధనుర్జయ మాలి
బంగాళదుంప మడి గట్టున తడిగడ్డి రాజేశాడు.
పొగ మోకాళ్ళు దాటి, నడుం దాటి,
కనబడని అటకేదో నెత్తికి తగిలినట్టు
అడ్డంగా పరుచుకుంది.
"నానీ, నీ గాజుగొట్టంలో ఏమైనా ఎక్కిందా?"

వంగి చూశాను.
రాత్రి దిగిన లోతును పట్టుకుని సూచిక అక్కడే ఉంది.
స్పిరిటు మాత్రం ఓ అర గీత జరిగింది.
పొగ వల్లో, తడిగడ్డి ఆవిరి వల్లో,
వంగినప్పటి నా ఊపిరి వల్లో,
ఒట్టు పెట్టి చెప్పలేను.

మా పాత ఆఫీసరు బొడ్డేపల్లి వైకుంఠం గారు
దక్షిణ ధ్రువం వైపు మంచుగడ్డ మీద
ఒక చలికాలమంతా ఉండొచ్చిన మనిషి.
"అక్కడ నెలలకొద్దీ పొద్దు పొడవదమ్మాయ్.
సూర్యుడు లెక్కలోనే లేడు.
పద్దంతా మంచుకీ ఆకాశానికీ మధ్యనే.
గాల్లో మంచు నలుసులు తేలొస్తే
మా సూది కొంచెం కదిలేది,
ఇంటినుంచి ఉత్తరం వచ్చినట్టు."
ఇది చెప్పేటప్పుడు విశాఖపట్నం ఎండలో కూడా
చేతులు రెండూ చంకల్లో దాచుకునేవారు.
ఇంకోటి కూడా చెప్పారు:
జనరేటరు మసి మంచుమీద
ఆ చీకటంతా ఊరికే పడుకుని ఉండేదట.
పొద్దు తిరిగొచ్చిన వారానికి
మసి పడ్డచోటే మొదటి గుంట.

ఆరున్నర. కొండ భుజం మీంచి ఎండ.
పొగ పెట్టని సుక్రి మడిలో
ఆకుల మీది తెలుపు అప్పుడే బొట్లుబొట్లుగా కారుతోంది.
ధనుర్జయ మడికి ఇంకా తెల్లవారలేదు.
రాత్రి కప్పిన దుప్పటే
పొద్దున్న తలుపుకి అడ్డం కూచుంది.
ఆ మాటే అన్నాను.
"మెల్లగా కరిగితేనే ఆకు దక్కుద్ది నానీ,
ఎండ ఒక్కసారి కొడితే నల్లబడిపోద్ది."
కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి అతనికి.
ఎవరి మడి నిలుస్తుందో ఎల్లుండి గాని తెలీదు.

రిజిస్టరులో పొగకి ఒక అంకె ఉంది: నాలుగు.
వేశాను.
ఎవరు పెట్టారు, ఎందుకు, ఎంత ఆశతో,
వాటికి గడుల్లేవు.
పేజీ తిప్పబోతే అంచున నా బొటనవేలి మసి.
చెరపాలి గానీ
కిటికీలోంచి ఎండ సరిగ్గా దానిమీదే పడుతోంది.