రెండు ఎడమలు

డులూత్‌లో నవంబరు నుంచే
సరస్సు మీది గాలికి పళ్ళొస్తాయి.
గురువారం సాయంత్రం డ్యూటీ దిగి
లైబ్రరీ కింది అంతస్తులో, బాయిలర్ గది పక్కన
ఆరుగురు ముసలమ్మల మధ్య
నలభై ఆరేళ్ళ చంటిపిల్లలా కూర్చుంటాను.

నేర్పే ఆవిడ పేరు లెంపి.
ఫిన్లాండ్ నుంచి ఓడెక్కిన నాయనమ్మ పేరట.
కన్ను జారినప్పుడల్లా
లెంపి ముందు లెంపలేసుకుంటాను.
ఎందుకో చెప్పాక
ఇప్పుడు ఆ బల్ల చుట్టూ ఎవరు తప్పినా
టపటపా రెండు చెంపలూ.

ఉన్ని ఉండలకి కొట్లో అంకెలు వేశారు.
నాలుగొందల పదిహేడు. రెండొందల ఆరు.
ఇంటికి తెచ్చి పేర్లు పెట్టాను:
వంకాయ, మెంతిపిండి, ఉల్లిపొర,
వానలో తడిసిన చిలకపచ్చ.
ఒకదానికి మాత్రం మూడు రోజులు పట్టింది.
జాడీ అడుగున మిగిలిపోయి
అంచు నల్లబడ్డ ఆవకాయ ముక్క.

నాలుగు సూదులు చెయ్యి చుట్టూ గోడలు కడితే
ఐదోది పేరంటం పిలుపుకొచ్చినట్టు
గడప గడపకీ తిరుగుతుంది.
మొదటి రెండు వారాలూ
ముళ్ళపందిని లాలించినట్టే ఉంది.

గళ్ళ కాగితం మీద ఎనిమిది కొసల నక్షత్రం.
ఒక గడి వంకాయ, మూడు గళ్ళు మెంతి.
నా లెక్క ఇంకా ఇంగ్లీషు నేర్చుకోలేదు.
ఒకటి అనకుండా, వడ్లు కొలిచినట్టు
"లాభం, రెండు, మూడు" అని గొణుగుతాను.
పక్కావిడ డోరిస్
అదేదో మంత్రమనుకుని ఊపిరి బిగపడుతుంది.

ఆసుపత్రిలో నా పని ఎముకల బొమ్మలు తీయడం.
చెయ్యంటే నాకు ఇరవై ఏడు ఎముకలు.
ఇలా పెట్టండి. కదలకండి. అయిపోయింది.
పైన చర్మం ఉందని, దానికి చలేస్తుందని
ఈ సూదులు పట్టాకే తట్టింది.

నాలుగు వేళ్ళకీ కలిపి ఒకటే గది.
బొటనవేలిది వేరు కాపురం.
దాని కళ్ళని ఒక పాత దారానికి గుచ్చి
పక్కన పెట్టమంది లెంపి.
"వచ్చే వారం నాకు బొటనవేలు కావాలి" అంటే
గురుదక్షిణ అడుగుతోందని ఉలిక్కిపడ్డాను.
అందులో నవ్వెక్కడుందో చెప్పడానికి
ఒక ఫ్లాస్కు కాఫీ అయిపోయింది.

జనవరి ఆఖరుకి రెండూ పూర్తయ్యాయి.
రెండూ ఎడమ చేతివే.

ఒకదాన్ని విప్పడం మొదలుపెట్టాను.
వచ్చిన దారం వచ్చినట్టే ఉంగరాలు చుట్టుకుంది,
ఎంత లాగినా చాపు కాదు,
ఉన్న చోటు మరిచిపోనని మొండికేసింది.
లెంపి నా చేతిలోంచి లాక్కుంది.
"ఒకటి చేతికి, ఒకటి ఉతుక్కి.
విప్పినంతా మళ్ళీ అల్లు."

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
నా పట్టీలో మూడో పేరు: కోస్కెలా, లెంపి.
ఇలా పెట్టండి, అన్నాను. కదలకండి.
ఆ చెయ్యి ఊరికే ఉండడం
నేను అంతకు ముందు చూడలేదు.

తెర మీద బొమ్మ పడగానే
మెడలోని కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది.
"ఇదిగో, ఇక్కడ ఒక కన్ను జారింది.
ఈ వరస మరీ బిగువు.
ఎవరల్లారో గాని, చివర్లో తొందరపడ్డారు."
చూపినది ముమ్మాటికీ నిజం.
చెప్పే అధికారం నాకు లేదు.
డాక్టరు చెబుతారండీ, అన్నాను
చూపు మీట మీదే పెట్టుకుని.

ఆ గురువారం ఆవిడ లావు సూదులతో వచ్చింది.
ఎవరం ఏమీ అడగలేదు.
డోరిస్ మాత్రం బిస్కెట్ల డబ్బా మూత
తనే తీసి అటు జరిపింది.

పొద్దున్న ఆరింటికి బస్టాపులో నేను
రెండు చేతులకీ రెండు ఎడమలు తొడుక్కుని.
కుడివైపు బొటనవేలు వీపు మీద మొలిచినట్టుంది.
చెయ్యెత్తి ఊపితే
రమ్మంటున్నానో పొమ్మంటున్నానో తేలక
డ్రైవరు తలుపు తీసి
అలాగే చూస్తున్నాడు.