పెచ్చు లేసిన కప్పు

ఆదివారం పొద్దు వంగంగ నాలుగైతది.
మా గోడగడియారం పదకొండు గొడ్తది.
ఎవ్వరం తప్పు పట్టం.
ఆత్మకూరు పట్వారి ఇంట్ల పెరిగిన గడియారం,
దాని లెక్క దానిది.

నాకు పాత సామాన్ల పిచ్చి.
రవికెకు ఇంత, ఫాలుకు ఇంత అని
మిషన్ కుట్టిన పైసలు బియ్యం డబ్బల దాసి
పెబ్బేరు సంతకు పోయినప్పుడల్లా
ఏదో ఒకటి సంకల పెట్టుకొస్త.
చిలుము పట్టిన పాన్‌దాన్,
అద్దం పగిలిన కందీలు,
నెమలి సగం చెరిగిపోయిన రేకు ట్రంకు.
"ఇల్లా, దుకాణమా?" అంటడు మా కుర్మయ్య.
అని, రాత్రి అందరం పండినంక
చింతపండు పెట్టి తనే తోముతడు.
పొద్దుగాల పాన్‌దాన్ మెరుస్తుంటది.
"ఎవరు తోమిన్రో" అంట నేను.
"పిల్లి" అంటడు.

గూనపెంకల వసార, షాబాదు బండలు.
రాజుల కాలం నాటిదని కొత్త చుట్టాలకు చెప్త గాని
మా మామ ఇటిక బట్టీల పనిజేసి కట్టిన ఇల్లిది.
ఎవరో పారేసిన నీలిరంగు తలుపును
నాలుగు ఇటికల మీద పండవెట్టి బల్ల జేసిన.
గొళ్ళెం ఇంకా దానికే ఉన్నది.
పిల్లలు చాయ్ తాగేముందు
ఒకసారి గొళ్ళెం కొట్టాలె, అదొక ఆచారం.

అల్లం దంచిన సప్పుడు
కొత్తకోట బస్సు దాంక ఇనపడ్తదేమో,
మా ఆడిబిడ్డ సత్తెమ్మ సరిగ్గ అప్పుడే దిగుతది,
సగం ఆటోల్నే ఖాళీ అయిన
ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతోటి.
లాస్య పాత రేడియో చెవి తిప్పుతది.
అండ్ల మొన్న ఎలుక పిల్లల్ని పెట్టింది.
కీచుకీచుమంటే
"వార్తలొస్తున్నయ్, ఊకోండ్రి" అంటది.

మహమూద్ చాచ బండిల, గడ్డి నడుమ,
పోయిన వారం దొరికినయి నాలుగు పింగాణి కప్పులు.
మీగడ తెలుపు. అంచుకు బంగారు గీత.
కడుపు మీద ఒక్క గులాబి మొగ్గ.
"గడి కూలగొట్టిన్నాడు ఎల్లిన సామాను బిడ్డా" అన్నడు.
ఎనిమిది నూర్లు చెప్పి మూడున్నరకిచ్చిండు.
చాచ మాట సగం నమ్మాలె,
సగానికి బేరం జెయ్యాలె.

తొలి కప్పు మా అత్తమ్మ మాసమ్మకు.
తాగలేదు. తిప్పి జూసింది.
బొటనవేలు అంచు మీద నడుసుకుంట పోయి
ఒక్క కాడ ఆగింది.
జొన్నగింజంత పెచ్చు.

"ఇది నేను పలగ్గొట్టిన కప్పే."

రేడియోల వార్తలు గూడ ఆగినయి.

"పదేండ్లుంటయేమో నాకు.
మా అక్క ఈరమ్మ, నేను గడిల అంట్లు తోమేటోళ్ళం.
బూడిద చేతిలకెళ్ళి జారింది.
దొరసాని జూస్తదని
పెచ్చును నోట్లె ఏసుకున్న.
దవడ కింద పెట్టుకొని ఇంటిదాంక నడిసిన."

"మింగినవా అవ్వా?"

"యాది లేదు బిడ్డా. ఉప్పగుండె, నెత్తురేమో.
కడుగుడే గాని
అండ్ల చాయ్ ఎట్లుంటదో ఎర్కలేదు మాకు."

కుర్మయ్య బిస్కెటు చాయ్‌ల మునిగి ఇరిగింది.
తీసుకోలే.

ఇంతల ఆమెనే మల్ల కప్పెత్తి
ఎండకు పెట్టి జూసింది.
"కాదేమో. దాని పువ్వు ఎర్రగుండె.
ఈ పువ్వు ఏందో పాలిపోయింది.
నేను పాలిపోలేదా, అదీ పోయిందో ఏమో."

"స్టీలు గ్లాసుల పోసియ్యనా అత్తమ్మా?"
అడిగి నాలిక కరుసుకున్న.
"ఎందుకే?" అని
సాసర్ల ఒంపుకొని
వసారంత ఇనపడేటట్టు జుర్రింది.
"శక్కెర తక్కువైంది" అన్నది.
ఇంకో చెంచ ఏసిన.
ఇంకో కప్పు తాగింది.

సామాన్లు కడిగే వంతు ఎవరిదని
ఆ దినం ఎవ్వరం అడుగలే.
కుర్మయ్య లేసి, పట్టపగలే, అందరు సూస్తుండంగనే
నాలుగు కప్పులు ఏళ్ళకు తగిలించుకొని
నల్లా కాడికి పోయిండు.

అత్తమ్మ కూసునే ఉన్నది.
లాస్య ఆమె ఒళ్ళోకెక్కి గదుమ పట్టుకున్నది.
"నోరు తెరువు అవ్వా,
పెచ్చు ఇంకా ఉన్నదేమో జూస్త."

తెరిసింది.
ఆరు పండ్లు,
అల్లం వాసన.