మూలమట్టం

పాలమూరు స్టేడియంల పొద్దుగాల ఆరింటికే
సున్నం డబ్బా పట్టుకొని గీతలు పోసినం.
సిమెంటు సంచులల్ల ఇసుక నింపి
నాలుగు మూలలకు నాలుగు బేస్‌లని పెట్టినం.
ఇదేం ఆట సారూ అని వాచ్‌మన్ అడిగితే
క్రికెట్‌కు దూరపు చుట్టమని చెప్పిన.

నలభై ఒక్కమంది పిల్లలు. మూడు గ్లౌజులు.
రెండుసార్లు ఒత్తితేగాని ఆగని స్టాప్‌వాచ్.
టైలర్ ఖాజా దగ్గర అడిగి తెచ్చిన టేపు.
నా ఒళ్ళె హైదరాబాదు నుంచి వచ్చిన ఫారాలు.

నంబరు ఇరవై ఏడు.
ఆధార్ల జములమ్మ, హాజరు పట్టీల జమున.
మక్తల్ దిక్కు ఊరు, ఎనిమిదో తరగతి.
ఎత్తు నూట యాభై ఒకటి.
బార చాపు బిడ్డా అంటే చాపింది: నూట యాభై ఎనిమిది.
నమ్మక మళ్ళ కొలిచిన. అంతే.
బరువు ముప్పై ఎనిమిది, చెప్పులిడిసినంక.
చేతివాటం అన్న గడిల 'పుర్ర' అని రాసి
కొట్టేసి, 'ఎడమ' అని రాసిన.

మూడు గ్లౌజులూ ఎడమచేతికి తొడిగేటివే.
తిప్పి కుడిచేతికి పెట్టుకుంటే
చిటికెనవేలు బొటనవేలింట్ల కిరాయికున్నట్టుంది.
తీసి పక్కకు పెట్టింది.
"వట్టి చేతులతోనే పడ్త సార్."
దెబ్బ తాకుతదే అన్న.
"ఇటుక కన్న నున్నగనే ఉంది గద."

అప్పుడు చూసిన ఆ చేతులను.
బంతిని ఆపుత లేవు. దానితోని జానెడు ఎనక్కి పోయి
దాని కోపం తగ్గినంక పట్టుకుంటున్నయి.
ఎండాకాలం సెలవులల్ల మేనమామ మేస్త్రి పనికి పోయి
కింద నుంచి ఇసిరిన ఒక్కొక్క ఇటుకను
పరంజ మీద నిలబడి అందుకున్న చేతులు.
ఫారంల 'క్యాచ్ పట్టే పద్ధతి' అన్నకాడ
సరైనది, సరికానిది, రెండే గడులు.
నడుమ గీత మీద టిక్కు పెట్టిన.

విసురు నలభై ఆరు మీటర్లు. మోచెయ్యి కిందికి జారుతది.
నిలబడి దూకితే ఒకటీ డెబ్బై ఎనిమిది.
ముప్పై మీటర్ల ఉరుకు, నాలుగు సెకన్ల తొంభై.
ఆడపిల్లలల్ల అందరికన్న ముందు.

పెన్ను మూత పెడుతుంటే వచ్చి నిలబడ్డది.
"సార్, ఉరికే గీత తక్కువున్నది."
ఎట్ల తెలుసే?
"అడుగులేసి వచ్చిన. ఆ మూల గూడ మూలమట్టానికి లేదు.
ఇల్లు కడితే గోడ పక్కింట్లకు పోతది."
సెలెక్షన్‌కు వచ్చిన పెద్దసారు నవ్విండు.
ఆయన నవ్విండని నేనూ నవ్విన.

ఖాజా టేపును గీత పొడుగునా పరుచుకుంట పోతే
పందొమ్మిది సార్లకే అవతలి కొస వచ్చింది.
ఇరవై ఎనిమిదిన్నర.
పొద్దున తాడుతోని కొలిచింది నేనే,
తాడు నడుమ ముడుల సంగతి మరిచిన.
అదే తాడు అందుకొని
ఇటు మూడు, అటు నాలుగు గుర్తు పెట్టి
"ఐమూల ఐదు రావాలె" అన్నది జములమ్మ.
మా లెక్కల సారు మూడేండ్లు కొట్టి చెప్పినా ఎక్కని ముక్క
నా కాళ్ళకాడ సున్నం మీద కూసున్నది.

నలభై ఒక్కమందిని మళ్ళ ఉరికించినం.
పదకొండు దాటింది, ఎండ గట్టిపడ్డది,
కొందరు పిల్లలు ఆమె దిక్కు గుర్రుగ చూసిండ్రు.
ఈసారి జములమ్మకు ఐదు సెకన్ల ఇరవై ఒకటి.
మూడోది.
తొంభైని కొట్టేసి పక్కన రాస్తుంటే
నా భుజం మీదికెళ్ళి తొంగి చూసి
"ఇప్పుడు కరెక్టు" అని
నీళ్ళ డ్రమ్ము దిక్కు పోయింది.

ఆఖరి గడి: ఇతర వ్యాఖ్యలు.
ఒక్కటే వరుస ఇచ్చిండ్రు.
అవతల పెద్దసారు జీపు హారను కొడుతున్నడు.
ఏం రాసినా ఆ వరుసల పట్టదని
చాలాసేపు పెన్ను పట్టుకొని
ఇది రాసిన:
కుడిచేతికి తొడిగే గ్లౌజు ఒకటి పంపగలరు.