చివరి అక్షరం

నల్ల ఫోను పీకేసి ఆ చోట
ఆకుపచ్చ దీపాలు మిణుకుమనే పెట్టె పెట్టారు.
"ఇకమీద నెట్టులోనే మాటలు. బిల్లు సగం" అన్నాడు ఓనరు.
నిజమే. మాట కూడా సగమే వస్తోంది.

ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ గుమస్తాని.
మొన్న తెల్లారగట్ల ఎల్లాజీ గొంతు,
జెట్టీ మీంచో, నూతిలోంచో:
"బాబూ, నాను. నలభై దిమ్మలు పంప"
అక్కడ తెగింది.
పంపేశాను.

పంపకు అన్నాడట. ఇంజను చెడిందట, వేట లేదట.
మన తెలుగులో కాదనడం మాట తోకలో ఉంటుంది.
తోక ఊడితే
వద్దన్నదే కావాలన్నట్టు.

దిమ్మలు పొద్దెక్కేదాకా జెట్టీ మీద కూర్చుని
రొయ్యపొట్టు కడుక్కుంటూ సముద్రంలోకి దిగిపోయాయి.
డబ్బెవరిదన్న తగువూ ఆ పెట్టెలోనే.
నేనరిచింది రెండు క్షణాలాగి నాకే వినబడేది.
ఛీ, ఇదా నా గొంతు, అనుకుని తగ్గాను.
అతనూ తగ్గాడు. లేక లైను తగ్గిందో.

ఆ సాయంత్రం యారాడ కొండ వైపు మెరిసి కరెంటు పోయింది,
పెట్టె కళ్ళు మూసింది.
నల్లది చీకట్లోనూ మోగేది, పాపం.

ఇప్పుడు ఎల్లాజీ తెలివి మీరాడు.
ముందు "వద్దు" అనేస్తాడు,
ఏది వద్దో తరవాత చెబుతాడు.

ఇవాళ మళ్ళీ ఫోను.
"వద్దు" గంట కొట్టినట్టు వినబడింది.
ఏది వద్దో
ఇంకా రాలేదు.
ట్రాలీ పట్టుకుని నిలబడ్డాను,
చెప్పుల మీద చుక్క చుక్క
ఐసు.