రెండు గుడ్ల తెల్లసొన

శుక్రవారం ఫొటో దిగాలి,
నర్సింగ్ స్కూలు దరఖాస్తుకి.
చెవులు కనబడాలి, నవ్వకూడదు.
చెవులతో నాకు పేచీ లేదు. ముక్కుతోనే.
రెండు పక్కలా
ఎవరో నల్ల నువ్వులు చల్లి మరిచిపోయినట్టు.

షుక్రియే అత్త చెప్పింది:
నిమ్మచెక్క మీద ఉప్పద్ది రుద్దు.
రుద్దాను. చుక్కలు చెక్కు చెదరలేదు,
వాటి చుట్టూ ముక్కు అలిగి ఎర్రబడింది.

కింది వాటా హాజెర్ అవ్వ చెప్పింది:
చామంతులు మరిగించి ఆవిరి పట్టు.
తువ్వాలు ముసుగులో పది నిమిషాలు
జొంగుల్దాక్ రేవు మీద పొగమంచులా కూచున్నాను.
జలుబుంటే తగ్గేదే.

అమ్మ ఏమీ చెప్పలేదు, పట్టుకుంది.
పాత బాకీ వసూలు చేస్తున్నట్టు
రెండు వేళ్ళతో ముక్కు పిండింది.
కళ్ళ వెంట నీళ్ళు బోలెడు వచ్చాయి,
ముక్కులోంచి ఒక్కటే వచ్చింది,
తెల్లటి తోక, నల్లటి తల,
ఎగిరి అద్దానికి అతుక్కుంది.

మందుల షాపు నెరిమాన్ గారు మాత్రం
కళ్ళజోడు పైనుంచి చూసి అన్నారు:
పిండకు. అది మురికి కాదు,
నీ చర్మంలో నూనే,
గాలి తగిలి నల్లబడింది.
గోరువెచ్చని నీళ్ళు, కాస్త ఓపిక, చాలు.
ఓపిక ఏ అరలో ఉందో చూపించలేదు.

చివరికి రెండు గుడ్లు కొట్టాను.
తెల్లసొన గిన్నెలో, పచ్చసొన గ్లాసులో.
పూయడం, పైన కాగితం పొర అంటించడం,
మళ్ళీ పూయడం.
ఆరేదాకా నవ్వకూడదు, మాట్లాడకూడదు.

అప్పుడే వచ్చాడు నాన్న, రాత్రి షిఫ్టు దిగి.
గని దగ్గరే స్నానం చేసొస్తాడు,
అయినా కళ్ళకి కాటుక మిగులుతుంది.
గ్లాసులోకి చూసి ముక్కున వేలేసుకున్నాడు:
"తెల్లది ఏమయింది?"
మాట్లాడకూడదు కదా,
నా ముక్కు చూపించాను.

కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండే మనిషి,
స్టూలు లాక్కుని కూచుని
ఆ ముక్కునే ముందుకు చాచాడు:
"మిగిలితే నాకూ పెట్టు."

నాన్న మొహం నేను ముట్టుకుని ఎన్నేళ్ళయిందో.
జల్లెడలా ఉంది చర్మం.
దూలం మీద వడ్లగింజంత నీలం గీత.
నేను పుట్టిన ఏడు లోపల పైకప్పు కుంగిందట,
బొగ్గు లోపలుండగానే గాయం మూసుకుందట.
బ్రష్ ఆ గీత దగ్గర ఆగింది.
నాది గాలి తగిలి నల్లబడింది.
నాన్నది,
గాలి తగలక.

ఆరింది. ఒకేసారి లాగాం.
నాన్న గట్టిగా తుమ్మాడు.
నా కాగితానికి ఏడో ఎనిమిదో చుక్కలు.
నాన్న కాగితం మొత్తం బూడిద రంగు.
పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదంటారు గానీ
గుడ్డు సంగతి ఎవరూ అనలేదు మరి.
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు:
"ఇంత తవ్వానా!
దీనికి జీతమివ్వలేదు వాళ్ళు."

నీలం గీత మాత్రం రాలేదు.
ఇంకో పొర వేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"అక్కడొద్దు."
ఎందుకని అడగలేదు.
ఆ రోజు అయిదుగురు దిగారని తెలుసు,
ఎంతమంది ఎక్కొచ్చారో
మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు.

పచ్చసొనలు అమ్మ వేయించింది, మిరియాలు ఎక్కువేసి.
ముగ్గురం ఒకే పెనంలో రొట్టె అద్దుకు తిన్నాం.
ఫొటోలో నా ముక్కు మెరిసిపోయింది, ఫ్లాషు పుణ్యమా అని.
చుక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి,
కనబడలేదు, అంతే.

సోమవారం గుడ్లు ఆరు తెచ్చాడు.
రెండు తన ముక్కుకి అన్నాడు,
అమ్మ వినకుండా.