అడుగు గొంతు

కుటైసిలో రాత్రి ఒకటిన్నర.
వాన నది మీద కురిసి, కురిసి,
మా ఐదో అంతస్తు రేకు బాల్కనీ మీదికి ఎక్కింది.
స్క్రీన్ మీద మూడు ట్రాకులు, మూడు పచ్చ పట్టీలు
ఎగురుతున్నాయి, దిగుతున్నాయి.
పాట నడుస్తోంది.
వినబడటం లేదు.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి.
ఇరవై ఆరేళ్లుగా ఆగిపోయినవాటి దగ్గరికే పిలుస్తారు నన్ను,
బాగా నడిచే లిఫ్టు ఎలా ఉంటుందో
సరిగా తెలియదు కూడా.
చీకటి గొయ్యిలో నిలబడి
ఉక్కు తాడుకి అరచేయి ఆనిస్తే
జబ్బు ఎన్నో అంతస్తులో ఉందో చేతికే తెలుస్తుంది.
ఈ మౌస్ మీద ఎంతసేపు ఆనించినా
చెమట తప్ప ఏమీ తెలియడం లేదు.

మొన్న ఆదివారం మా వంటింట్లో
ఫ్రిజ్ రొద పడకుండా దాని ప్లగ్గు పీకేసి,
కిటికీలకి దుప్పట్లు కట్టి, ముగ్గురం పాడాం.
పై గొంతు జెమాల్‌ది. రొట్టెల బట్టీలో పని.
పొగకి చెడాల్సిన గొంతు, ఎందుకో
ఏటేటా పదునెక్కుతోంది.
నడిమి గొంతు ఒతియా. మాటలన్నీ వాడికే వచ్చు,
మేం వాడి నోటి వంక చూస్తూ పాడతాం.
అడుగున నేను. మావాళ్లు దాన్ని బాని అంటారు.
దానికి పెద్దగా మాటలుండవు.
ఓ అని పట్టుకుని
పైన ఇద్దరూ దిగేదాకా నిలబడాలి.

మొదట అందరూ చేసేదే చేశాను:
స్పీకర్‌ని ఒకటి చరిచాను.
దాని ఎర్ర దీపం నన్ను చూసింది.
వైరు పీకి, ఊది, గుచ్చాను.
మ్యూట్ నొక్కాను, వదిలాను, నొక్కాను,
ఏది నొక్కినట్టో ఏది వదిలినట్టో మరిచిపోయేదాకా.
పాత డ్రైవర్ తీసి కొత్తది ఎక్కించాను.
ఒకచోట నలభై నాలుగు వేల వంద,
ఇంకోచోట నలభై ఎనిమిది వేలు అని ఉంటే
పోట్లాడుకున్న ఇద్దరు గుమాస్తాల లెక్కల్లా కలిపాను.
అంతా ఆర్పి, మళ్లీ వెలిగించాను.
లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి తలుపు సందులోంచి చెబుతుంటాను,
ఏ మీటా నొక్కకండి, ఊరికే ఉండండి అని.
నాకెవరు చెబుతారు?

కరెంటు వస్తోంది, తాడు కదులుతోంది, అంకెలు మారుతున్నాయి.
అంటే పెట్టె ఎక్కడికో వెళ్తోంది.
ఏదో అంతస్తులో తలుపు తెరుచుకుంటోంది,
నేను నిలబడ్డది అది కాదు, అంతే.

రెండు దాటాక మంచినీళ్లకని లేచింది త్సియాలా.
నడవలో ఆగింది.
"నుగ్జార్, నీ కోటు పాడుతోందేమిటి?"

కొక్కేనికి తడి కోటు. కుడి జేబులో
స్క్రూడ్రైవర్, రొట్టె పొడి, ఇరవై తెత్రీల బిళ్ల,
మధ్యాహ్నం ఆపడం మరిచిన బ్లూటూత్ హెడ్‌ఫోన్లు.
చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి,
ఆమెని తనివితీరా నవ్వనిచ్చాను.
ముప్పావుగంటగా ముగ్గురం అక్కడే,
వాన వాసన వేసే ఉన్నిలో,
ఎవరూ పిలవని పేరంటంలా పాడుతున్నాం.

వెంటనే తీయబుద్ధి కాలేదు.
జేబుకి చెవి ఆనించాను.
జెమాల్ వినబడ్డాడు, దోమంత.
ఒతియా వినబడ్డాడు, మాటలతో సహా.
నేను లేను.
అంత చిన్న స్పీకర్లలో నా గొంతు పట్టదు.
"నువ్వెక్కడ?" అంది, తానూ చెవి పెట్టి.
"అడుగున," అన్నాను.

అవుట్‌పుట్ అన్నచోట ఒక్క పేరు మార్చాను.
స్పీకర్లు దగ్గాయి. ముగ్గురం
దబ్బున గదిలో వచ్చిపడ్డాం.
కింది ఇంటి వెనేరా గరిటెతో
రేడియేటర్ గొట్టాన్ని వాయించింది, టంగు టంగు,
తాళం మాత్రం తప్పింది.

తగ్గించాను. ఇంకా తగ్గించాను.
జెమాల్ పోయాడు. ఒతియా మాటలు పోయాయి.
బల్ల మీద అరచేయి ఆనించాను.
చెక్కలో ఏదో, సన్నగా,
వదలకుండా పట్టుకునే ఉంది.

త్సియాలా గ్లాసు పక్కన పెట్టి
తన చేయీ ఆనించింది.
కాసేపు చూసి,
"ఫ్రిజ్ కాదుగా ఇది?" అంది.